మంటలో గట్టిపడిన పాము

ఎండకాలం, నాలుగో నెల, 19

ఇవాళ ఒక పని చేశాను. ఎవరికీ చెప్పలేను, కడుపులో దాచుకోనూ లేను. అందుకే కుమ్మరి ఇపి పెరట్లో ఏరుకొచ్చిన కుండపెంకుల మీద రాసి, ఖాళీ బార్లీ బాన అడుగున పడేస్తున్నాను. నా భార్య బాకెత్‌కు చదువు రాదు. నేర్పించవయ్యా అని వాళ్ళ నాన్న ఎన్నిసార్లు అన్నాడో. నేర్పించకపోవడమే మంచిదయింది.

మైనం అయిపోయింది. ఏరు ఎండిపోయి తేనె వాళ్ళ పడవ ఎక్కడో ఇసుకలో ఇరుక్కుందట. పాము లేకుండా తెల్లవారకూడదు. పెద్ద పూజారి ఉసెర్‌హత్ దగ్గరికి వెళ్ళి మైనం లేదంటే, "చూసుకోవడం ఎవడి పని?" అంటాడు. నా పనే. పదకొండేళ్ళుగా గుడికి రోజుకో మైనపు పామును చేసిచ్చేది నేనే. దాని వీపు మీద పచ్చ సిరాతో, సూర్యుడి పడవను మింగాలని చూసే అపెప్ పేరు రాసేదీ నేనే. దాన్ని చంపడం మాత్రం మామయ్య పని. అంటే బాకెత్ వాళ్ళ నాన్న, మంత్రాలు చదివే మహు.

కాబట్టి మొన్న ఇపి దగ్గర చారెడు మట్టి తెచ్చాను. రెల్లు పుల్ల చుట్టూ మట్టి పెట్టి, వంకర్లు తిప్పి, తల కాస్త పైకి లేపి, రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. సంచి దులిపితే రాలిన మైనాన్ని కరిగించి పైన పూశాను. నిజం చెప్పాలంటే ఎప్పుడూ చేసేవాటికన్నా అందంగా వచ్చింది.

ఇంకా చీకటి ఉండగానే మామయ్య లోపలి గదిలో మంత్రాల చుట్ట విప్పి చదవడం మొదలుపెట్టాడు. పాము మీద నాలుగుసార్లు ఉమ్మాడు. ఎడమ కాలు ఎత్తి దాని తల తొక్కాడు. "అబ్బా!" అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన చదివే మంత్రంలో ఆ మాట లేదు. కాసేపు ఆగి, మళ్ళీ అందుకుని, కత్తితో గీసి, మంటలో వేశాడు.

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నా వైపు చూశాడో లేదో పొగలో తెలియలేదు. సూర్యుడు మాత్రం వేళకే లేచాడు. ఆకాశంలో ఉన్న అసలు అపెప్ ఆయన పడవను మింగలేదు. అనుమానం తీరక రెండుసార్లు బయటికెళ్ళి చూసొచ్చాను.

20

నా ఖర్మ. మైనం పడవ ఇవాళ వచ్చింది. ఒక్క రోజు ముందొస్తే దాని సొమ్మేం పోయింది!

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. బూడిద ఎత్తడానికి వెళ్ళాను. మైనపు పాములైతే జిడ్డు తప్ప ఏమీ మిగలదు. చేట పెట్టి తోస్తే టంగుమంది. బూడిద ఊదాను. ఉంది. తల దగ్గర్నుంచి తోక దాకా, ఎర్రగా, నున్నగా. మామయ్య కత్తి గీత కూడా వీపు మీద చక్కగా నిలిచి ఉంది. గోటితో కొడితే కుండలా మోగుతోంది.

కాల్చి బూడిద చెయ్యాల్సినదాన్ని కుమ్మరి ఆవంలో కుండను పెట్టినట్టు కాల్చాం. మంత్రాలు చదివి మరీ కాల్చాం.

నడుం గుడ్డ మడతలో చుట్టి ఇంటికి తెచ్చాను.

21

విరగ్గొట్టొచ్చు కదా అని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. కానీ ఉమ్మి, తొక్కి, మాటలు చదివి చంపాల్సినదాన్ని ఉత్తినే రాయి పెట్టి కొడితే ఏమవుతుంది? రెండు ముక్కలైతే రెండు పాములవుతాయా? పుస్తకాల గదిలో వెతికాను. అపెప్‌ను చంపడానికి మూడు చుట్టల నిండా మంత్రాలున్నాయి. చావకపోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. రాసినవాళ్ళకు ఆ అనుమానమే రాలేదన్నమాట.

లోపల రెల్లు కాలిపోయి బోలుగా తయారైంది. తోక దగ్గర చిన్న కన్నం. ఊరికే నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. సన్నగా కూత వచ్చింది. వంటింట్లోంచి బాకెత్ "ఏమిటా చప్పుడు?" అంది. "గాలి" అన్నాను. చిరుగాలి కూడా లేదు.

ఉల్లిపాయల బుట్ట వెనక పెట్టాను. తల గోడ వైపు. అటూ ఇటూ బొగ్గుతో గీతలు గీశాను. కదిలితే తెలుస్తుంది.

22

కదల్లేదు.

23

మామయ్య కుంటుతున్నాడు. మడమ వాచిందట. ముల్లు గుచ్చుకుందని చెప్పాడట. బాకెత్ తేనె, బాతు కొవ్వు కలిపి కట్టు కట్టడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. గిన్నె నేనే పట్టుకున్నాను.

"లోపలి గదిలో ముల్లెక్కడిది నాన్నా?" అంది.

"ఏమో తల్లీ. పాడుకాలం వచ్చినట్టుంది, రాతి నేలలో ముళ్ళు మొలుస్తున్నాయి."

"రోజూ ఊడ్చేది మీరేగా?" అని నా మీద పడింది.

"సరిగ్గానే ఊడుస్తున్నాను" అన్నాను.

"అల్లుడు బాగానే ఊడుస్తాడమ్మా" అన్నాడు మామయ్య. "బూడిదలో పూచిక పుల్ల కూడా వదలడు."

ఆయనకు వయసు అరవై దాటింది. ఆ వయసులో మడమలు ఊరికే వాస్తాయి.

25

ఇపి దగ్గరికి వెళ్ళి మాటల్లో పెట్టాను. మట్టి ముద్ద మంటలో పగలకుండా ఎలా ఉంటుందని అడిగాను.

"ముద్దగా ఉంటే టప్పున పేలుద్ది. లోపల బోలుగా ఉండి, బాగా ఎండితే పేలదు. ఏం కెనా బాబూ, గుడి మానేసి కుండలు చేత్తావా? నీ చేతులు చూత్తే ఉప్పుగిన్నె కూడా రాదు."

"ఒకసారి కాలాక మళ్ళీ మట్టిగా మార్చొచ్చా?"

"కాలాక మట్టెక్కడిది? నువ్వు నానబెట్టు, ఎండబెట్టు, మళ్ళీ కాల్చు. అదట్టానే ఉంటది. మా ముత్తాత చేసిన బాన ఇప్పటికీ బీరు పులియబెడతన్నాం."

నవ్వుతూ చెప్పాడు, నాకు చెమటలు పట్టాయి. పదకొండేళ్ళు రోజూ చస్తూ వచ్చినవాణ్ణి నా చేత్తో చిరంజీవిని చేశాను. మళ్ళీ ఇంకో ఆలోచన. రోజూ చస్తే మళ్ళీ రోజూ ఎందుకొస్తున్నట్టు? ఒక్కసారి చావకపోతే వచ్చే నష్టమేమిటో చూడాలని కూడా ఉంది. ఇలాంటి ఆలోచన రావడమే తప్పేమో. కానీ వచ్చింది.

గీతలు చూశాను. కదల్లేదు. ఉల్లిపాయలు మాత్రం మొలకెత్తాయి. ఈ ఎండలకు మొలకెత్తుతాయిలే.

27

సోప్దెత్ చుక్క పొడిచి పద్దెనిమిది రోజులైంది. దాని వెనకే రావాల్సిన వరద జాడ లేదు. రేవులో నీళ్ళు కొలిచే మెట్లు కిందిదాకా ఎండి, అడుగున కప్పలు కూడా చచ్చాయి. ఊళ్ళో పనేమీ లేక జనం ఒకరి నడక ఒకరు చూస్తున్నారు.

ఉసెర్‌హత్ గుడి వాళ్ళనందర్నీ పెరట్లో నిలబెట్టాడు. "ఎవరి వల్లో, లోకాన్ని సక్రమంగా నడిపే మాత్ తల్లికి కోపం వచ్చింది. చేపలు తిన్నవాడెవడు? చవుటి ఉప్పుతో నోరు కడుక్కోకుండా లోపలికొచ్చినవాడెవడు?" అన్నాడు. అందరూ మామయ్య కాలి కట్టు వైపు చూశారు.

"మహూ, ఆ కాలితోనేనా పామును తొక్కుతున్నావు?"

"మంత్రంలో ఎడమ కాలనే ఉంది స్వామీ. కుడికాలు బాగానే ఉంది గానీ దాన్ని ఎవరూ అడగలేదు."

ఒకరిద్దరు నవ్వారు. ఉసెర్‌హత్ నవ్వలేదు. "ఆ తొక్కుడుకు చీమ కూడా చావదు. పాము బతికే ఉంది, నీళ్ళను తాగేస్తోంది" అన్నాడు. ఏడాది పైన పడ్డ అయిదు రోజుల్లో, నాలుగోనాడు విచారణ అన్నాడు. తప్పు మామయ్యదే అని తేలితే పని నుంచి తీసెయ్యడంతో ఆగదు. కొత్త సంవత్సరం నాడు గుడి వాకిట గోడ మీది సేవకుల వరుసలోంచి ఆయన పేరు చెక్కి తీయించేస్తాడు. ఆ వరుస చదివే కదా, పోయినవాళ్ళకు రోజూ చెంబెడు నీళ్ళు పోసేది. పేరు లేకపోతే చనిపోయాక అక్కడ ఎంతకాలం దాహంతో ఉండాలో.

మా అత్త పేరు లేదు ఆ గోడ మీద. గుడిలో పాడేవాళ్ళ పేర్లు చెక్కరు. "నా పేరు పక్కన చోటు చాలదు, లేకపోతే నేనే చెక్కేవాణ్ణి" అని మామయ్య అంటుంటాడు.

28

చెప్తాను. ఉసెర్‌హత్‌కు రేపు చెప్తాను. ఇవాళ ఆయనకు పంటినొప్పి.

29

ఇవాళ్టి రోజు మంచిది కాదు. మంచి చెడు రోజుల పట్టీ చూశాను. ఉదయం చెడు, మధ్యాహ్నం చెడు, సాయంత్రం చెడు. "ఇల్లు కదలవద్దు, గట్టిగా మాట్లాడవద్దు" అని స్పష్టంగా రాసి ఉంది.

30

పట్టీలో ఇవాళ మూడు పూటలూ మంచివి. సాయంత్రం దాకా గుడిలోనే ఉన్నాను. ఆయన ఖాళీగా లేడు.

నిజానికి ఆలోచిస్తే, నీళ్ళు రాకపోవడం పాము వల్లో మామయ్య కాలి వల్లో ఎవరికి తెలుసు? కాలు వాచింది ముల్లు వల్ల. ముల్లని ఆయనే చెప్పాడు. ఆయన చెప్పినదాన్ని కాదని నేననడం మర్యాద కాదు.

కదల్లేదు.

పైన పడ్డ రోజులు, మొదటిది

ముప్పై రోజుల నెలలు పన్నెండూ అయిపోయాయి. ఈ అయిదు రోజులూ ఏ నెలకూ చెందవు, ఎవరి అదుపులోనూ ఉండవు. బాకెత్ కీడు తగలకుండా నార పట్టీకి పన్నెండు ముడులు వేసి నా మెడకు కట్టింది. "తల తిప్పకండి. ముడి లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాలి" అంది. "నాన్న పేరు తీసేస్తారంటారా?" అంది. ఏడో ముడి దగ్గర అడిగింది. పన్నెండో ముడి దాకా నేను మాట్లాడలేదు.

సాయంత్రం మామయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. బీరు పోసిచ్చి, ఎదురుగా కూర్చున్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మామయ్యా, ఎప్పుడైనా ఒక రోజు తొక్కకుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"నీకు ప్రశ్నలెక్కువ, పనికన్నా."

"చెప్పండి."

"నాకేం తెలుసురా! నలభై ఏళ్ళలో ఒక్క రోజు మానలేదు. జ్వరమొచ్చినా, మీ అత్త పోయిన నాడైనా సరే. మానితే ఏమవుతుందో అన్న ఆలోచన రాకుండా ఉండడానికే మానలేదేమో." బీరు గుటకేసి అన్నాడు. "ఉసెర్‌హత్ మాత్ అంటే ఆకాశమంత చేసి చెప్తాడు. మా ఇంట్లో మీ అత్త చెప్పేది వేరు. ఎక్కడ తీసిన వస్తువు అక్కడ పెట్టు, ఎవరిని చూస్తూ అన్న మాట వాళ్ళ వెనకా అను. అంతే అనేది. ఆ రెండూ చెయ్యలేక నేను చచ్చేవాణ్ణి."

తర్వాత ఆయన ఉల్లిపాయల బుట్ట వైపు చూసినట్టనిపించింది. నాకే అలా అనిపించిందేమో.

"ఏమైనా చెప్పాలా అల్లుడూ?"

"లేదు మామయ్యా."

"సరే. నొప్పి బాగానే ఉందిలే" అని లేచాడు. నొప్పి గురించి నేను అడగనే లేదు.

రెండోది

ఏమీ రాయాలని లేదు.

మూడోది

అల్లకల్లోలాల దేవుడు సేత్ పుట్టినరోజు. ఎవరూ గడప దాటరు. తలుపేసుకుని, ఈ పెంకులన్నీ తీసి వరసగా పెట్టి చదువుకున్నాను. ఇరవై మూడో తేదీ పెంకు దగ్గర సిగ్గేసింది. ఇక్కడ నన్నెవరూ చూడరు, కొట్టరు. ఇక్కడ కూడా అబద్ధం రాసుకున్నాను.

రాస్తున్నాను. ముల్లు లేదు. మామయ్య మడమలో దిగింది నేను పైకి లేపిన పాము తల. అందంగా ఉంటుందని లేపాను. "అబ్బా" అన్నప్పుడే నాకు తెలుసు. గిన్నె పట్టుకుని కూర్చున్నప్పుడూ తెలుసు.

రేపు విచారణలో చెప్తాను.

నాలుగోది

చెప్పలేదు.

నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. అంతలో మామయ్యే ముందుకొచ్చి, "కాలు నాది, వయసు నాది. పాము సరిగ్గా చావకపోతే తప్పు నాదే. ఇంకెవర్నీ అడగకండి స్వామీ" అన్నాడు. ఇంకెవర్నీ అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. చూడకపోయేసరికి తప్పించుకోవడం సులువైంది. ఆయన చేతిలోంచి మంత్రాల చుట్ట తీసుకున్నారు. ఎల్లుండి కొత్త సంవత్సరం నాడు రాతి పనివాడొచ్చి పేరు చెక్కి తీసేస్తాడు.

నడుస్తుంటే పట్టుకోబోయాను. "కర్ర ఉంది కదరా" అన్నాడు.

అయిదోది

నీళ్ళొచ్చాయి!

పొద్దున్నే రేవులో కేకలు. ఏరు పచ్చగా, చిక్కగా, నురగతో మూడు మెట్లెక్కింది. సాయంత్రానికి అయిదో మెట్టు. ఆడవాళ్ళు తడిసి నాట్యం చేస్తున్నారు. ఎవర్ని కదిపినా ఒకటే మాట: "చూశావా, మహును తీసేశారో లేదో వచ్చేసింది!" ఇపి కూడా అదే అన్నాడు. ఉసెర్‌హత్ నడకే మారిపోయింది.

పైనుంచి పడవ తెచ్చినవాణ్ణి పట్టుకుని అడిగాను. ఏటికి ఎగువనున్న ఆబు ఊరి దగ్గర నీళ్ళు ఎప్పుడు లేచాయి?

"ఇరవై రెండున. ఆ ముందు రోజు దాకా కాలు తడవలేదు. ఎందుకయ్యా అందరూ ఎగురుతుంటే నువ్వు తేదీలడుగుతావు?"

ఇంటికొచ్చి ఇరవై రెండో తేదీ పెంకు వెతికి తీశాను. "కదల్లేదు" అని ఉంది. అంటే ఆకాశంలోని అడ్డదిడ్డమంతా ఎర్రగా కాలి మా ఉల్లిపాయల వెనక కూర్చున్న రోజునే వరద బయల్దేరింది. మామయ్య అప్పటికింకా గుడిలోనే, ఆ వాచిన కాలితోనే, తొక్కుతూనే ఉన్నాడు. పది దాకా లెక్క తెలిసినవాడెవడైనా చెప్పగలడు ఆయన్ని తీసేయడానికీ నీళ్ళకూ సంబంధం లేదని. కానీ ఇవాళ ఊళ్ళో లెక్క ఎవరికి కావాలి?

ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఒక మనసు. ఎవరికీ అక్కర్లేనప్పుడే చెప్పాలేమో అని ఇంకో మనసు. రెండూ నావే, రెండూ తెలివైనవే. తెలివిని నమ్మి ఇన్నాళ్ళు కూర్చున్నాను. చివరికి వంటింట్లోకి వెళ్ళి, బుట్ట జరిపి, పామును తీసి బాకెత్ చేతిలో పెట్టాను. మొదట్నుంచీ అంతా చెప్పాను.

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. తల కొన మీద వేలు పెట్టి నొక్కి చూసుకుంది.

"నేను కట్టు కడుతుంటే నువ్వు గిన్నె పట్టుకున్నావు" అంది. పెళ్ళయినప్పట్నుంచీ నన్ను "మీరు" అనేది. "ముల్లు బయటికి రావడం లేదని నేను సూదితో వెతికాను. ఆయన పళ్ళు బిగబట్టుకున్నాడు. నువ్వు చూస్తూ కూర్చున్నావు."

"రేపు చెప్తాను."

"నాకు చెప్పకు, రేపు చెప్తానని" అంది.

వరద కాలం, మొదటి నెల, 1

పెద్ద పెంకు తీసుకున్నాను ఇవాళ.

గుడి వాకిట ఊరంతా ఉంది. తప్పెట్లు, బీరు కుండలు, మెడల్లో తామర దండలు. రాతి పనివాడు గోడ దగ్గర నిచ్చెన వేసుకుని ఉలి నూరుకుంటున్నాడు. మామయ్య ఎక్కడో వెనక, నీడలో ఉన్నాడట. నాకు కనబడలేదు.

ఉసెర్‌హత్ చెయ్యెత్తగానే నేను ముందుకెళ్ళి పామును ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. టంగుమంది. తప్పెట్లు ఆగాయి.

"ఏమిటిది?"

"అపెప్ స్వామీ. పందొమ్మిదో తేదీది. మైనం లేక మట్టితో చేశాను. మంటలో కాలలేదు, గట్టిపడింది. మా మామయ్య మడమలో దిగింది ఇదే."

ఆయన వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "నీళ్ళొచ్చాయి. అంతా సర్దుకుంది. ఇప్పుడిది తవ్వి తలకెత్తుకోవడం దేనికి? ఇంటికి తీసుకుపో."

"పదహారు రోజులు ఇంట్లోనే ఉంది స్వామీ. ఉల్లిపాయల పక్కన" అన్నాను గట్టిగా. ఎవరో పకాల్న నవ్వారు. "ఆబులో నీళ్ళు లేచింది ఇరవై రెండున. అప్పటికి ఇది మా ఇంట్లో ఉంది, మా మామయ్య గుడిలో ఉన్నాడు. కావాలంటే పడవ వాణ్ణి పిలవండి."

"అంటే?" ఆయన గొంతు పెరిగింది. "పాము చచ్చినా చావకపోయినా ఒకటేనంటావా? తొక్కినా మానినా ఒకటేనా? ఆ మాట ఇంతమందిలో అంటావా?"

చెమట కారి కళ్ళలో పడుతోంది. "అవును, అంతే" అనాలని కూడా ఉంది, తెలుసుకోవాలని ఉంది.

"అది నాకు తెలీదు స్వామీ. ఎంత ఆలోచించినా తెలియడం లేదు. నాకు తెలిసింది ఒకటే. ఆయన కాలు నా వల్ల కుంటిదైంది. పేరు తీస్తే నాది తియ్యండి. నా పేరింకా గోడ మీద లేదు కాబట్టి ముందు చెక్కించి తియ్యాల్సి వస్తుంది."

మళ్ళీ నవ్వు. ఈసారి చాలామంది. అప్పుడు గుంపులోంచి కర్ర చప్పుడు వచ్చింది. మామయ్య.

"వీడు చెప్పింది సగమే" అన్నాడు. "మైనం కాలి కింద ఒదుగుతుంది. ఇది కరిచింది. అప్పుడే తెలుసు నాకు మట్టని. ఆపి, ఇంకోటి తెమ్మనాలి. ఆపలేదు. అల్లుడు చిక్కుల్లో పడతాడని మంత్రం పూర్తి చేశాను. తర్వాత ముల్లన్నాను. కూతురితో అబద్ధం, మీతో అబద్ధం. ఇద్దరం కలిసే చేశాం."

బాకెత్ గుంపులో ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఏడుస్తోంది, నవ్వుతోందేమో కూడా.

ఉసెర్‌హత్ మా ఇద్దర్నీ చాలాసేపు చూశాడు. జనం ఏమంటారో అని వాళ్ళ వైపూ చూశాడు. "పేరుంచండి స్వామీ! పండగ పూట నిజం చెప్పాడు!" అని అరిచింది ఎవరో ముసలామె. ఇంకొందరు అందుకున్నారు.

"పేరుంటుంది" అన్నాడు చివరికి. "ఇద్దరూ ఈ గుడి గడప మళ్ళీ తొక్కకూడదు."

రాతి పనివాడు ఉలి సంచిలో వేసుకుని నిచ్చెన దిగాడు. పామును పొడి చేసి పేడలో కలిపి కాల్చమని ఇపికి ఇచ్చారు. "ఆ పొడి పారేత్తారా? కొత్త మట్టిలో కలిపితే కుండ పగలదయ్యా" అన్నాడు వాడు. ఉసెర్‌హత్ కర్రెత్తాడు. పొడంతా పేడలోనే పడేదాకా దగ్గరుండి చూశాడు.

ఇంటికొస్తూ దారిలో మామయ్య నా భుజం పట్టుకున్నాడు. కర్ర ఉంది ఆయన దగ్గర. అయినా పట్టుకున్నాడు.

2

ఇంకో సంగతి నిన్న ఎవరూ ఆలోచించలేదు. మమ్మల్నిద్దర్నీ తీసేశారు. మామయ్య లేని రెండు పొద్దులూ నేను చేసిచ్చిన పామును ఉసెర్‌హత్ తనే తొక్కాడు, ఇప్పుడు నేనూ లేను. కొత్తవాళ్ళు గుండు చేసుకుని, చవుటి ఉప్పుతో శుద్ధి కావడానికి నాలుగు రోజులు పడుతుంది. అంటే ఇవాళ తెల్లవారుజామున అపెప్‌ను చేసేవాడు లేడు, తొక్కడానికి పామూ లేదు.

తలుపు చప్పుడైతే లేచి చూశాను. మామయ్య. "నిద్ర పట్టలేదు" అన్నాడు. "నలభై ఏళ్ళ అలవాటు, ఈ వేళకు మెలకువ వచ్చేస్తుంది." మిద్దె ఎక్కుతానంటే చెయ్యి పట్టి ఎక్కించాను. బాకెత్ దుప్పటి తెచ్చి ఆయన మోకాళ్ళ మీద కప్పి, మా మధ్య కూర్చుంది. నాతో ఇంకా మాట్లాడడం లేదు. కానీ నా వైపే కాస్త జరిగి కూర్చుంది.

చుట్టూ నీళ్ళు, కింద పొలాలు కనబడడం లేదు. మామయ్య పెదాలు కదులుతున్నాయి. కాసేపయ్యాక ఆపేశాడు. "చదివితే దొంగతనం చదివినట్టవుతుంది" అన్నాడు.

"భయంగా ఉందా మామయ్యా?"

"ఉందిరా. నీకు?"

"నాకు చూడాలని ఉంది."

"అది నీకు పుట్టుకతో వచ్చిన రోగం."

తూర్పున కొండ అంచు బూడిద రంగు నుంచి పసుపుకు తిరిగింది. అక్కడే చాలాసేపు ఆగిపోయినట్టనిపించింది. మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు అంచు మీద నిప్పు చుక్క, దాని వెంట గోటి ముక్కంత, తర్వాత సగం, తర్వాత మొత్తం. నీళ్ళన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి.

ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నాకప్పుడు తట్టింది. నలభై ఏళ్ళుగా ఈ వేళకు ఆయన కిటికీ లేని లోపలి గదిలో పొగలో ఉన్నాడు. పని ముగించుకుని బయటికొచ్చేసరికి రోజూ పొద్దెక్కే ఉండేది.

"ఇంత నెమ్మదిగా వస్తాడా!" అన్నాడు. "తెలియక నేను గబగబా చదివేసేవాణ్ణి."

కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. బాకెత్ ఆయన భుజం మీద తల పెట్టింది. కింద ఊళ్ళో గాడిదలు అరుస్తున్నాయి, ఎవరో రొట్టెల పొయ్యి రాజేస్తున్నారు. అంతా ఎప్పటిలాగే ఉంది.

చాలాసేపటికి మామయ్య నా భుజం ఊతగా లేచి నిలబడ్డాడు. దిగుదామా అన్నాను. ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. కట్టు ఉన్న ఎడమ కాలు ఎత్తి, ఉత్త మిద్దె మీద ఒక్కసారి తొక్కాడు. నొప్పికి మొహం చిట్లించి, నన్ను చూసి, "ఎందుకైనా మంచిదిలే" అన్నాడు.